విమానం కోసం పట్టిన కొర్రమట్టలు

యూనియన్ మిలిటరీ పట్నంలోకి వచ్చిన తర్వాత రెండో శుక్రవారం, పొద్దున ఏడు గంటలు. గంట సంగతి నాకెట్లా తెలుసంటే, చెరువు గుత్తేదారు మా వాకిట్లో లారీ దిగి చేతి గడియారం చూసుకొని ఆ మాటే అన్నాడు.

"ఏడయింది. పన్నెండుకు విమానం లేస్తది. గంటలో చేపలు పెట్టెల ఉండాలె."

మాకు విమానమంటే నెత్తి మీంచి పోయే చప్పుడు. ఆ నెలలో ఆ చప్పుడు వినపడితే చాలు, గొడ్లను కూడా కొట్టంలోకి తోలుకున్నాం. అందులో చేపలు కూడా ఎక్కుతాయంటే మా మామ నవ్వాడు. నవ్వి, మళ్ళీ గుత్తేదారు ముఖం చూసి ఊరుకున్నాడు.

మాది ఇబ్రహీంపట్నం చెరువు మీద బతికే ఇల్లు. మా ఆయనను మిలిటరీవాళ్ళు పట్టుకుపోయి అప్పటికి వారం. ఎందుకు పట్టుకుపోయారో ఇప్పటికీ నాకు సరిగా తెలియదు. రజాకార్లకు చేపలు ఇచ్చాడని ఒకరు చెప్పారట. కాదు, గుట్టల్లో ఉన్న సంఘంవాళ్ళకు ఇచ్చాడని ఇంకొకరు చెప్పారట. రెండూ నిజమే. తుపాకి పట్టుకొని కట్ట మీద నిలబడి అడిగిన ప్రతివాడికీ ఇచ్చాడు. ఇవ్వకుంటే ఏం చేసేవాడు? ఇప్పుడు ఏ చేపలకు ఏ శిక్ష పడుతుందో చెప్పేవాడు ఊళ్ళో లేడు. ఠాణాలో ఉండే పాత అమీను పారిపోయాడు. కొత్తాయన ఎవరో తెలియదు. రాజ్యం ఎవరిదో కూడా ఇంటికొక తీరుగా చెప్పుకుంటున్నారు.

గుత్తేదారు ఒక్కడే తెలిసినట్టు మాట్లాడాడు. మిలిటరీ పెద్ద ఆఫీసరు ఒకాయన కొర్రమట్ట చేపలను ఢిల్లీలో ఉన్న తన ఇంటివాళ్ళకు పంపాలనుకున్నాడట. ఆయన చేతిలోనే ఖైదీలు ఉన్నారట.

"ఈ పెట్టె విమానం ఎక్కిందనుకో, నీ కొడుకు మాట నేను ఎత్తుత" అన్నాడు మా అత్తతో. "ఎక్కకుంటే నన్నడగొద్దు."

లారీలోంచి రేకు తాపడం వేసిన చెక్క పెట్టె దింపించాడు. దాని మీద ఎర్ర రంగుతో ఏదో రాసి ఉంది. నేను అక్షరాలు నేర్చుకున్నది మనవరాలు బడికి పోయే రోజుల్లో. అది ఏ భాషో కూడా ఇప్పుడు చెప్పలేను. తర్వాత గోనె సంచుల్లో చుట్టిన బరఫ్, అంటే మంచు, గడ్డలు దింపారు. సంచికి రంపపు పొట్టు అంటుకొని ఉంది. చేపలను చంపి, పేగులు తీసి, ఒక వరుస చేపలు, ఒక వరుస బరఫ్ పేర్చి మేకులు కొట్టాలని చెప్పి, ఆయన చాయ్ తాగడానికి బజారుకు పోయాడు.

మామ బరఫ్ మీద అరచెయ్యి పెట్టి గబుక్కున తీసేశాడు.

"కాలుతున్నదే. సల్లగుంటదన్నరు గదనే?"

"సల్లగనే ఉన్నది. నీ చెయ్యే ముసలిదయింది" అంది అత్త.

కొర్రమట్టలు గోలెంలో ఉన్నాయి. మంచి బలిసినవి, గుత్తేదారు కబురు పెడితే ముందు రోజు మామ గాలంతో పట్టినవి. నేను కత్తిపీట తెచ్చి కూర్చున్నాను. అత్త నా చెయ్యి పట్టుకుంది.

"ఆగు పిల్లా. సచ్చిన కొర్రమట్టను ఎవడన్న కొంటడా?"

ఆమె అడిగింది మా దగ్గర అందరికీ తెలిసిన సంగతే. వేరే చేప చచ్చినా కొంటారు. కొర్రమట్ట మాత్రం తట్టలో ఎగరాలి. బేరానికి వచ్చినవాడు మొదట తోక మీద ఒక దెబ్బ కొడతాడు. కదలకపోతే తట్ట దాటి పోతాడు. చచ్చిన కొర్రమట్టను అంటగట్టిన ఇల్లు అని పేరు పడితే ఆ ఇంటి తట్ట ముందు ఏడాది దాకా ఎవరూ ఆగరు.

"సేటు చంపుమన్నడు గదత్తా."

"సేటుకేం ఎరుక? ఆయన చెరువు గుత్త పడతడు, చేపను పడతడా? ఢిల్లీల ఆ ఆఫీసరు పెండ్లాం మూత తీసి, సచ్చినయి పంపిండ్రని మొగనికి చెప్తే? నా కొడుకును ఇడుస్తడా?"

"మరి ఈ బరఫ్ ఎందుకిచ్చిండు?"

అత్త ఆలోచించింది. మామ కూడా ఆలోచించాడు. చివరికి ఆయనే అన్నాడు, "కరిగితే నీళ్ళే గద. నీళ్ళు మోసుడు కష్టమని గడ్డలు చేసిచ్చి ఉంటరు."

ఆ మాట మా ముగ్గురికీ నచ్చింది. పెట్టెలో చెరువు నీళ్ళు సగం దాకా పోశాం, కింద నాచు పరిచాం, బరఫ్ పగలగొట్టి ఆ నీళ్ళలోనే వేశాం. చేపలను ప్రాణంతోనే వదిలాం. కొర్రమట్ట ఊపిరికి పైకి వస్తుంది కాబట్టి మామ మేకుతో మూతకు బొక్కలు కొట్టాడు. పెట్టె చూసుకుంటే నాకే ముచ్చటేసింది. చేపలు ఎంత దూరమైనా పోతాయనిపించింది. గుత్తేదారు తిరిగొచ్చేసరికి మూతకు మేకులు కొట్టేసి ఉన్నాం, ఆయన విప్పి చూడలేదు.

పెట్టె విమానం ఎక్కడం కళ్ళారా చూస్తానని అత్త పట్టుబట్టింది. నేనూ లారీ వెనకాల ఎక్కాను. బొంగులూరు దాటిన దగ్గర నుంచి గతుకులే. ప్రతి గతుక్కూ బొక్కల్లోంచి నీళ్ళు ఎగిరి మా మీద పడ్డాయి. ముందు కూర్చున్న గుత్తేదారు ఒకసారి వెనక్కి చూసి "బరఫ్ కరుగుతున్నదా?" అని అరిచాడు. "కరుగుతున్నది సేటూ" అంది అత్త. అబద్ధమేమీ కాదు.

బేగంపేటలో విమానాల మైదానం దగ్గర టోపీ పెట్టుకున్న గుమాస్తా ఒకాయన పెట్టెను తూకం మీదికి ఎక్కించమన్నాడు. హమాలీ ఎత్తి పెట్టాడు. పెట్టె లోపల ధడేల్మని చప్పుడయింది. గుమాస్తా ఒకడుగు వెనక్కి వేశాడు. మిలిటరీ రోజులు, ఆయన ఏమనుకున్నాడో ఏమో. ఉర్దూలో గట్టిగా ఏదో అన్నాడు.

"లోపల ఏమున్నదని అడుగుతుండు" అన్నాడు లారీ డ్రైవరు.

"చేపలు" అన్నాడు గుత్తేదారు.

"చేపలైతే ఎట్ల తంతున్నయని అడుగుతుండు."

గుత్తేదారు మా వైపు తిరిగాడు. మూత ఊడదీశారు. ఒక కొర్రమట్ట ఎగిరి సిమెంటు నేల మీద పడి, నీళ్ళు చిమ్ముకుంటూ గుమాస్తా బూట్ల దాకా పాకింది. హమాలీ దాని వెంట పడ్డాడు. అత్త మాత్రం దాన్ని చూపించి, గుమాస్తాతో సంతోషంగా అంది, "సూడు దొరా, ఎంత పానం మీదున్నదో."

గుమాస్తా చాలాసేపు మాట్లాడాడు. డ్రైవరు కొంచెమే చెప్పాడు. నీళ్ళ పెట్టె విమానంలోకి రాదు. పైకి పోయినాక ఒరుగుతుంది, నీళ్ళు కారి లోపలి సామానంతా పాడవుతుంది. గడ్డ కట్టిన బరఫ్ కావాలి, నీళ్ళు పనికిరావు.

"బరఫ్ నీళ్ళు గాదా?" అని అత్త అడిగింది. నీళ్ళు పారబోశారు. బరఫ్ పలుకు కూడా మిగల్లేదు. మళ్ళీ తెప్పిద్దామంటే టైము లేదు. మేం చూస్తుండగానే విమానం నేల మీద ఉరికి ఉరికి లేచిపోయింది. అంత దగ్గరగా నేను దాన్ని చూసింది అప్పుడే. నాకు దానిలో మా ఆయన వెళ్ళిపోయినట్టే అనిపించింది.

అత్త అక్కడే కింద కూర్చుంది. "ఇంక ఇడువరానే వాన్ని?" అని నన్నడిగింది. నేను ఆమె రెక్క పట్టి లేపాను.

గుత్తేదారు తిట్టలేదు. తిడితే బాగుండేది. చేపలను తడి గోనెలో వేయించుకొని ఆఫీసరు బంగళాకు పోయాడు. మమ్మల్ని గేటు బయటే ఆపారు. కొంతసేపటికి ఒట్టి చేతులతో వచ్చాడు.

"ఏమన్నరు సేటూ?"

"ఏమనలే. వంటాయన తీస్కున్నడు. ఇంగ లారీ ఎక్కు."

మా ఆయన ఆ తర్వాతి సోమవారం నడుచుకుంటూ వచ్చాడు. గడ్డం పెరిగింది, చెప్పుల్లేవు. ఖైదు గేటు తీసి, ఇంకా చాలామందితో పాటు పొమ్మన్నారట. ఎందుకు పొమ్మన్నారో చెప్పలేదట. గుత్తేదారు బతికున్నన్ని రోజులూ తన మాట మీదే విడిచారన్నాడు. ప్రాణమున్న చేపలు పంపడం వల్లే విడిచారని అత్త అన్నది. ఏది నిజమో నాకు తేలలేదు. చేపల సంగతి చెబితే మా ఆయన అడిగింది ఒకటే.

"గంత పెద్దయి తీస్కపోయి ఎవరికి పెట్టిండ్రే?"

అది కూడా మాకు తెలియదు.

ఆ రోజు విమానాల మైదానంలో ఉన్నది మా అత్త, నేను, గుత్తేదారు, లారీ డ్రైవరు, టోపీ గుమాస్తా, చేప వెంట పడిన హమాలీ. మామ ఇంటి దగ్గరే ఉండిపోయాడు. మా ఆయన లేడు. అయినా ఊళ్ళో ఈ కథ అందరికంటే ఎక్కువసార్లు చెప్పింది ఆయనే.