తోకలో నిమ్మకాయ

నా ఇఖామా మీద ఒట్టు, ఇందులో ప్రతి అక్షరమూ నిజం. కువైట్‌లో బతికేవాడు దేవుడి మీదైనా అబద్ధపు ఒట్టు వేస్తాడేమో గానీ, ఇక్కడ ఉండనిచ్చే ఆ కార్డు మీద వెయ్యడు.

నేనొక కువైటీ ఇంట్లో డ్రైవర్ని. నా భార్య అక్కడే వంట చేస్తుంది. ఆ ఇంటి ఆఖరి పిల్ల మా ఆవిడ చంకలోనే పెరిగింది. అరబ్బీతో పాటు మా కడప మాటా నోటికి అంటుకుంది. నన్ను చిన్నాయనా అంటుంది. ఇప్పుడు ఇంజనీరింగ్ చదువుతోంది.

నిరుడు ఆ పిల్లా, ఇద్దరు స్నేహితురాళ్లూ కలిసి కాలేజీ ప్రాజెక్టుకు ఓ చిన్న విమానం డిజైను చేశారు. ఎడారి గుడారాల్లో గొర్రెలు కాసేవాళ్లకు నీళ్లూ మేతా మోసుకెళ్లి, ఇసుక మీదే దిగే విమానం.

"అంటే రెక్కలున్న వానెట్టు గదా!" అన్నాను. ఇక్కడ పికప్ బండిని వానెట్ అంటారు.

"అంతే చిన్నాయనా. మా సార్‌కు నువ్వే చెప్పు, నాకు చెప్పను రాల్యా."

నమూనా చేసి ఎగరేసి చూపించాలి. సబ్హాన్ వర్క్‌షాపుల్లో సన్న చెక్క కోయించాం, అమ్ఘరా పాతసామాన్ల బజారులో బొమ్మకారు చక్రాలు వెతికాం. తివాచీ మీద జిగురు చూసి, మేం మామా అని పిలిచే ఇంటావిడ వేసిన కేకలకు పావురాలు లేచిపోయాయి.

చిక్కంతా మేం బాబా అని పిలిచే యజమానితోనే. కూతురు కామర్స్ చదివి బ్యాంకులో కూర్చుంటే చాలని ఆయన పట్టు. పిల్ల తక్కువ తిన్నదా? "ఇది ఎగరకపోతే ఇంజనీరింగ్ ఖలాస్, నువ్వు చెప్పిందే చదువుతా" అని పందెం కట్టింది. మర్నాడు కారులో ఒకటే ఏడుపు.

"ఎందుకన్యావ్ పాపా అట్లా?"

"కోపమొచ్చి అనేసినా చిన్నాయనా. ఇంగేం జేసేది?"

నా ప్రాణం ఉసూరుమంది. మా వైపు ట్రాక్టరైనా మోపెడైనా నిమ్మకాయ కట్టందే కదలదు. బాబా జీపుకే బానెట్ కింద ఎవరికీ తెలియకుండా ఒకటుంది. విమానానికి వద్దా? మా ఆవిడ నిమ్మకాయా మిరపకాయలూ దారానికి గుచ్చి ఇచ్చింది. ముక్కుకు కడితే కనబడుతుందని, తోక దగ్గర మూత తీసి లోపల పెట్టేశాను.

ఎగరేసి చూపించాల్సిన రోజు మేష్టారూ మేమూ జహ్రా దాటి ఎడారిలోకి పోయాం. విమానం ఇసుక మీద పరుగెత్తి లేచింది. లేస్తూనే ముక్కు నిటారుగా ఆకాశానికెత్తి, ఓ క్షణం ఆలోచించి, దబ్బున పడింది. రెక్క కొస చీలింది. లెక్కలన్నీ సరిగ్గానే ఉన్నాయే అని స్నేహితురాళ్లు తెల్లబోయారు. పిల్ల విమానాన్ని ఊపి చూసింది. లోపల ఏదో దొర్లింది. మూత తీసింది.

"చిన్నాయనా! ఏందిది?"

"దిష్టికి పాపా..."

"నీ దిష్టి తగలెయ్య! తోక బరువై ఎల్లకిలా పడె గదా!"

ఇంతలో మేష్టారొచ్చి అదేమిటని అడిగాడు. "సరుకు సార్" అంది పిల్ల ఇంగ్లీషులో, తడుముకోకుండా. "కట్టకుండా ఎక్కించాం. ఇంకొక్క అవకాశం ఇవ్వండి."

రెక్కకు టేపు చుట్టింది. నిమ్మకాయను విసిరికొడుతుందనుకున్నాను. కొట్టలేదు. రెక్కల కింద సరుకు పెట్టే చోట ఉంచి, కదలకుండా బిగించింది.

"దీన్నే మొయ్యల్యాకపోతే నీళ్లేం మోస్తాది? యల్లా, ఇంగ ఎగరేద్దాం, దండం పెట్టుకో."

ఎగిరింది! గుడారాల మీదుగా పోతుంటే ఒంటెలన్నీ మెడలెత్తి వెంటబడ్డాయి. అన్నిటికంటే ముందున్న ముసలి ఒంటె నిమ్మకాయ వాసన పట్టి అందుకోబోయింది కూడా. మా పక్కనే నిలబడ్డ బాబా కళ్లు తుడుచుకుని, కామర్స్ ఊసే మరిచిపోయాడు.

ఇఖామా మీద ఒట్టేశాను గనక చెప్పెయ్యాలి. అక్కడ ఒక్క ఒంటె కూడా లేదు. బాబా అసలు రానే లేదు. విమానం ఓ చుట్టు తిరిగి మెత్తగా దిగింది, అంతే.

ఇంటికొచ్చాక ఆయన నన్ను వాకిట్లో ఆపి, ఎటో చూస్తూ "ఎగిరిందా?" అన్నాడు. ఎగిరిందంటే సరిపోయేది. కానీ ఆ మొహానికి ఇంకా వినాలనుంది. అప్పటికప్పుడు ఒంటెల్ని పుట్టించాను. కడుపుబ్బ నవ్వి, మళ్లీ చెప్పమన్నాడు. కామర్స్ మాట మళ్లీ ఆ ఇంట్లో వినబడలేదు.

ఆ మధ్య, మగవాళ్లు కూడి కబుర్లాడుకునే దివానియాలో టీ ఇస్తూ విన్నాను. "నా కూతురి విమానం వెంట ఒంటెలు పరుగెత్తాయి, నా కళ్లతో చూశా" అంటున్నాడు బాబా. నన్ను చూడగానే "అవునా కాదా?" అన్నాడు.

"వల్లాహి బాబా" అని దేవుడి మీద ఒట్టేసి అన్నాను, "మీరు ఆ ముసలి ఒంటె సంగతి చెప్పడం మరిచిపోయారు."