దళానికి పట్టిన దురద

ఆ రోజుల్లో మా జనగామ వైపు డాక్టరు అనిపించుకోవడానికి పెద్ద చదువులేమీ అక్కర్లేదు. చొక్కాకు కాస్త మందు వాసన ఉంటే చాలు, జనం నాలుక బయటపెట్టి ఎదురుగా నిలబడేవారు. నా చొక్కాకు ఆ వాసన పుష్కలంగా ఉండేది. నిజాం మీద, దొరల మీద తుపాకి పట్టిన దళంలో చేరకముందు నేను జనగామలో ఒక ముసలి డాక్టర్ సాబ్ దవాఖానలో కాంపౌండర్‌గా పనిచేశాను. (కాంపౌండర్ అని నేను చెప్పుకునేవాణ్ణి. సీసాలు కడగడం నా ముఖ్యమైన పని గనుక సాబ్ మాత్రం నన్ను "అరే సీసా!" అనే పిలిచేవాడు.) ఎర్రమందు కలపడం, సీసాకు మోతాదు కాగితం అంటించడం, కట్టు గుడ్డలు చింపడం, ఇంతవరకే నా వైద్యం. సాబ్ రోగిని తెర వెనక్కి తీసుకుపోయినప్పుడు నేను బయటే నిలబడాలి. లోపల ఏం చూశారో తెలియదు, ఏం మాట్లాడుకున్నారో మాత్రం వినబడేది. అంటే నా వైద్యజ్ఞానం మొత్తం చెవులతో సంపాదించిందే. దానితో ఎంత ప్రమాదమో అప్పటికింకా తెలియదు.

సంఘం పనుల్లో తిరిగి తిరిగి, చివరికి పోలీసులు ఇంటికి వస్తున్నారని తెలిసి దళంలోకి వెళ్లిపోయాను. మా దళనాయకుణ్ణి అందరం పెద్దన్న అనేవాళ్లం. పెద్దవంగర పక్క పల్లె రైతు. వెట్టి చెయ్యనని దొర ముఖం మీద చెప్పి, గడీ ముందు నుంచి వెనక్కి చూడకుండా నడిచి వచ్చిన మనిషి. దవాఖానలో పనిచేశానని వినగానే ఆయన మందుల సంచి తెచ్చి నా భుజాన తగిలించాడు. "ఇగ మా డాక్టర్‌వు నువ్వే తమ్మీ. మా పానాలు నీ చేతుల ఉన్నయి" అన్నాడు. నాకు తెలిసింది సీసాల సంగతేనని అప్పుడే చెప్పి ఉండవలసింది. కానీ ఇరవై ఏళ్ల వయసులో పదిమంది ముందు డాక్టర్ అని పిలిస్తే ఎవరికి నోరు వస్తుంది? సంచిలో క్వినైన్ గోలీలు, దూది, టింక్చర్ అయొడిన్ సీసా ఉన్నాయి. ఏ దెబ్బ తగిలినా అయొడిన్, ఏ జ్వరం వచ్చినా క్వినైన్. రోగులు బతికారు. నేనే బతికించానని నమ్మాను.

అంతలో వానలు పట్టుకున్నాయి. మేం మానుకోట అడవుల్లో ఉన్నాం. వాగులు దాటడం, తడిసిన నిక్కరుతోనే నడవడం, దానితోనే పడుకోవడం. ఒక తువ్వాల ఉంటే దానితో అందరం తుడుచుకునేవాళ్లం, అదొక ఐకమత్యం. ఆ వానల్లో ఒకనాడు నాకు గజ్జల్లో దురద మొదలైంది. తొడల నడుమ ఎర్రగా, గుండ్రంగా మచ్చ. మొదట గోకితే సుఖం, తర్వాత మంట, ఆ తర్వాత మళ్లీ గోకితేనే గానీ ప్రాణం నిలవదు. మచ్చ పెద్దదవుతున్నకొద్దీ నాకు డాక్టర్ సాబ్ తెర గుర్తుకు రాసాగింది. మొలకింద జబ్బుతో వచ్చినవాళ్లు తల వంచుకుని మెల్లగా గొణిగేవారు. సాబ్ మాత్రం వీధికంతా వినిపించేలా "ఎక్కడికి పోయినవ్‌రా? ఎవల దగ్గరికి పోయినవ్? సవాయి తెచ్చుకున్నవ్!" అని తిట్టేవాడు. సవాయి అంటే సుఖరోగాల్లో పెద్దది. కాబట్టి ఆ భాగంలో వచ్చేదంతా సవాయేనని నేను నిర్ధారించుకున్నాను. ఎక్కడికీ పోని నాకు ఎలా వచ్చిందన్న ప్రశ్న బాధించింది గానీ (అప్పటికి నేను పట్టుకున్న ఏకైక స్త్రీ హస్తం వాగు దాటేటప్పుడు మా నాయనమ్మది), శాస్త్రాన్ని శంకించడానికి మనసొప్పలేదు.

ఎవరికీ చెప్పకుండా వైద్యం మొదలుపెట్టాను. అయొడిన్ సీసా తీసుకుని బండ చాటుకు వెళ్లి, గోకి గోకి పుండైన చోట, ఆ చుట్టుపక్కల సున్నితమైన స్థలాలతో సహా, దండిగా పూశాను. ఆ తర్వాత ఏం జరిగిందో వరుసగా చెప్పలేను. ఒక గావుకేక వినబడింది, అది నాదే. నడుము దాకా వాగులో కూర్చుని ఉన్నాను. గట్టు మీద దళమంతా తుపాకులు ఎక్కుపెట్టి చూస్తున్నది. "ఏమైందిర డాక్టర్?" అని పెద్దన్న అరిచాడు. "తేలు" అన్నాను. "నీళ్లల్ల తేలేందిర?" అన్నాడు. చలితో వణుకుతూ అలాగే కూర్చున్నాను.

మర్నాడు పొద్దున పెద్దన్న నన్ను పొదల వెనక్కి పిలిచాడు. తేలు సంగతి అడుగుతాడనుకుని నాలుగైదు అబద్ధాలు సిద్ధం చేసుకుని వెళ్లాను. ఆయన అటూ ఇటూ చూశాడు, మీసం సవరించుకున్నాడు, గొంతు సవరించుకున్నాడు. "తమ్మీ, జర పరేషాన్ ఉన్నది. ఎవలికి చెప్పద్దు" అంటూ ధోతి గోచీ వదులు చేశాడు. అంతటి మనిషిని ఆ అవస్థలో చూడలేక నేను కళ్లు మూసుకున్నాను.

"కండ్లు మూసుకుంటె రోగం ఎట్ల కనవడ్తదిర?"

ఒక కన్ను తెరిచాను. అదే ఎరుపు, అదే గుండ్రం. దళంలో ఆడవాళ్ల విషయంలో తప్పు చేసినవాడి చేతిలో తుపాకి ఉండదు, అది పెద్దన్న పెట్టిన కట్టడే. అయినా డాక్టర్‌ని కదా, అడగవలసింది అడగాలి. "పెద్దన్నా... మీరు... ఎక్కడికన్న పోయిన్రా?" అన్నాను.

"ఎక్కడికి పోవుడేందిర? ఎండకాలం సంది నీ ఎంబడే నడుస్తున్న గద!"

"అది కాదన్నా. ఆడోళ్ల దగ్గరికి..."

కొడతాడనుకున్నాను. కొట్టలేదు. "గిదేం రోగం? సాఫ్ చెప్పు" అన్నాడు. నేను నేల చూస్తూ సవాయి అన్నాను. ఆయన మెల్లగా బండ మీద కూర్చున్నాడు. తానెక్కడికీ పోలేదన్నది ఆయనకు తెలుసు. పోయినసారి ఇంటికి వెళ్లింది ఎండాకాలంలో, ఒక్క పూట, పెళ్లాం చేతి జొన్న గటక తాగి రావడానికి. ఆయన ముఖం తన ఊరున్న దిక్కుకు తిరిగింది. నాతో కాకుండా గాలితో అన్నట్టు, "అయితె నా ఇంటిదానికాడికెల్లి వచ్చిందంటవా?" అన్నాడు. అంత పెద్ద మనిషి గొంతు అంత చిన్నదవడం నేనెప్పుడూ వినలేదు. ఆ ఒక్క మాటకు నా డాక్టర్‌గిరి మొత్తం దిగిపోయింది.

"అన్నా, నాకు గూడ ఉన్నది" అన్నాను.

పెద్దన్న తల తిప్పాడు. "నీకా? నువ్వెక్కడికి పోయినవ్?"

"ఎక్కడికీ పోలే. ఒట్టు."

"మరి నీకెట్ల వచ్చింది?"

"తెల్వదన్నా."

ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. పెద్దన్న లేచి, గోచీ బిగించి, తిన్నగా వెళ్లి దళం ముందు నిలబడ్డాడు. "గజ్జల్ల దురద ఎవలికుంటె వాళ్లు చెయ్యెత్తుండ్రి. నాకున్నది" అని ముందు తన చెయ్యి ఎత్తాడు. తర్వాత ఒక చెయ్యి, ఇంకొకటి, అలా దళంలోని చేతులన్నీ లేచాయి. కొందరు రెండో చేత్తో గోక్కుంటూనే ఎత్తారు. ఇన్నాళ్లూ పక్కపక్కన పడుకుంటూ, ప్రాణాలు ఒకరి చేతిలో ఒకరు పెట్టుకుని తిరుగుతూ, ఈ ఒక్క సంగతి మాత్రం ఒకరికొకరం చెప్పుకోలేదన్నమాట. "గింతమందికి గది కాదుర డాక్టర్. నీ సాబ్‌నే అడిగి రాపో" అన్నాడు పెద్దన్న.

తలపాగా చుట్టి, మేకలు కొనే బేరగాడిలా కర్ర పట్టుకుని జనగామ చేరుకున్నాను. దవాఖాన బల్ల మీద అప్పటికే ఒకడున్నాడు. నిజాం పోలీసు జవాను, పక్కన తుపాకి. తిరిగి పోదామంటే అనుమానపడతాడు. గుండె చిక్కబట్టుకుని బల్ల చివర కూర్చున్నాను. కాసేపటికి గమనించాను, వాడు తిన్నగా కూర్చోలేకపోతున్నాడు. ఒకసారి ఈ పక్కకు, ఒకసారి ఆ పక్కకు బరువు మారుస్తున్నాడు. నేనూ అంతే. వాడు నా వైపు ఓరగా చూసి, "క్యా మియా, నీగ్గూడ గదేనా?" అన్నాడు. తలూపాను. అప్పటినుంచి వాడు నాకు చుట్టమైపోయాడు.

"ఏ ఊరు మనది?"

నోటికి మొదట వచ్చిన దూరపు ఊరు చెప్పాను, "మొగుళ్లపల్లి."

"దురద కోసం గంత దూరంకెల్లి వచ్చినవా!" అని జాలిపడ్డాడు. "నా నసీబ్ చూడు. దళపోళ్ల కోసం అడవులల్ల తిప్పుతున్నరు. బూట్లల్ల నీళ్లు, నిక్కర్ల నీళ్లు. వాళ్లు దొరుకుతలేరు, దురద పోతలేదు." మాక్కూడా అంతేనన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేసరికి నా కళ్లలో నీళ్లు తిరిగాయి. నొప్పి అనుకున్నాడేమో, నా భుజం తట్టాడు.

డాక్టర్ సాబ్ గుమ్మంలోంచి మా ఇద్దరి నడక చూసి, "ఒకటే బీమారి. ఇద్దరూ రండ్రి" అన్నాడు. నన్ను గుర్తుపట్టి కూడా ముఖం మారనివ్వలేదు. ఏళ్ల తరబడి బయట నిలబడిన తెర వెనక్కి అలా మొదటిసారి, రోగిగా, పోలీసు పక్కన అడుగుపెట్టాను. తుపాకి గోడకు ఆనించి వాడు నిక్కరు విప్పాడు, నేను ధోతి విప్పాను. సాబ్ కళ్లద్దాలు సరిచేసుకుని ఇద్దర్నీ వంగి చూశాడు. "తామర" అన్నాడు.

"సవాయి కాదా సాబ్?" అని ఉండబట్టలేక అడిగాను.

"సవాయి పుండు దురద పెట్టది. గిది చూడు, అంచు ఎర్రగ లేచి పాకుతున్నది, నడుమ మానుతున్నది. తడి నుంచి వస్తది, ఒకని బట్ట ఒకడు కట్టుకుంటె వస్తది. ఏ దవాఖానల చదివినోడు నీకు సవాయని చెప్పిండు?"

"మా దిక్కు ఒక డాక్టర్ ఉన్నడు సాబ్."

"వాణ్ణి నా కాడికి తోలు. చెంపలు పగలగొడ్త."

"తోలుతా సాబ్" అన్నాను వినయంగా. జవాను "గసొంటోళ్లను జేల్ల ఎయ్యాలె" అని నా పక్షాన కోపం తెచ్చుకున్నాడు. తామర మందు చిన్న డబ్బీలో తీసుకుని, జాగ్రత్తలన్నీ రెండుసార్లు అడిగి తెలుసుకుని, నాకు సలాం చేసి వెళ్లిపోయాడు. వాడి అడుగుల చప్పుడు దూరమయ్యాక సాబ్ గొంతు తగ్గించాడు. "సీసా, ఎంతమందికి?" "అందరికీ సాబ్." ఆయన నవ్వలేదు. మూకుడంత జాడీ నిండా మందు కలిపి ఇచ్చాడు. "మచ్చ దాటి చుట్టూ కూడ రాయాలె. దురద తగ్గంగనే ఆపొద్దు, మచ్చ పోయినంక గూడ కొన్ని దినాలు రాయాలె. ఎవని తువ్వాల వానిది. అయొడిన్ పుండు మీద పోసిన గాడిద ఎవడన్న ఉంటె వానికి చెప్పు, మళ్ల పొయ్యొద్దని." నా మచ్చ చుట్టూ ఉన్న గోధుమరంగు మరక ఆయన కంటబడిందని అప్పుడు అర్థమైంది.

దళం చేరగానే ముందు పెద్దన్నకే చెప్పాను. "తామర అన్నా. తడికి వచ్చిందట. ఆడోళ్లతోని సంబంధమే లేదట." ఆయన ఆ చివరి మాటను ఇంకోసారి చెప్పించుకున్నాడు. తర్వాత వాగు దగ్గరికి వెళ్లి ముఖం కడుక్కుని వచ్చాడు. చాలాసేపు కడుక్కున్నాడు. మర్నాటి నుంచి ఎండ కాసినప్పుడల్లా సగం దళం కాపలా కాసేది, సగం దళం నిక్కర్లు బండల మీద ఆరేసి ఆకుల చాటున కూర్చునేది. ఉద్యమం ఏ దశలో ఉన్నదో చెప్పలేను గానీ, తామర మాత్రం వెనక్కి తగ్గింది.

ఆ తర్వాత జైళ్లు, విడుదలలు. అన్నీ సద్దుమణిగాక ఒకసారి పెద్దన్న ఇంటికి వెళ్లాను. ఆయన భార్యను నేను అక్క అంటాను. పీట వేసి, అన్నం పెట్టి, ఎదురుగా కూర్చుంది. "తమ్మీ, నీ దురద ముచ్చట మా ఆయిన చెప్పిండు. కడుపు పగలంగ నవ్విన" అంది. ఉన్నట్టుండి నవ్వు ఆపి, "ఒక్క మాట నిజం చెప్పు. నువ్వు సవాయి అన్ననాడు, గాయిన నన్ను అనుమానించిండా?" అని అడిగింది.

పెద్దన్న కంచంలోంచి తల ఎత్తలేదు. ఆయన చెయ్యి ముద్ద కలపడం మానేసింది.

"లేదక్కా" అన్నాను. "నిన్ను కాదు, నా చదువును అనుమానించిండు."

"గదైతె సరే. దాన్ని ఎవలైన అనుమానిస్తరు" అంటూ ఆమె నా కంచంలో మళ్లీ అన్నం వడ్డించింది. పెద్దన్న ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నేను నా బతుకులో చేసిన ఒకే ఒక మంచి వైద్యం అదేనేమో అనిపించి, తల వంచుకుని పెట్టినదంతా తినేశాను.