నా జబ్బుకి నలభై మంది ప్రార్థన

నాకు మూర్ఛ ఉందన్న సంగతి బెజవాడలో ఇద్దరికి మించి తెలియకూడదనుకున్నాను. ఒకరు గవర్నరుపేటలో నేను చూపించుకున్న డాక్టరు గారు. రెండోది నాతోపాటు ఒకే గదిలో అద్దెకున్న లెక్కల టీచరు. డాక్టరుకి ఎలాగూ చెప్పాలి. నా స్నేహితురాలి దగ్గర దాచే వీలే లేదు, మొదటిసారి నేను పడిపోయింది ఆమె కళ్ళెదుటే.

అవి ఎమర్జెన్సీ రోజులు. మేమిద్దరం ఒకే మిషన్ స్కూల్లో టీచర్లం, ఒకే చర్చికి వెళ్ళేవాళ్ళం, ఒకే కిరసనాయిలు స్టవ్ మీద వండుకునేవాళ్ళం. ఆమె చీర నేను, నా చీర ఆమె కట్టుకునేంత చనువు. ఒక ఆదివారం పొద్దున తల దువ్వుకుంటూ పడిపోయానట. కళ్ళు తెరిచేసరికి నోట్లో నెత్తురు రుచి, గుప్పిట్లో తాళంచెవుల గుత్తి, ఒంటి మీద చీర తడిసి ఉంది. నా తల ఒళ్ళో పెట్టుకుని ఆమె ఏడుస్తోంది. ఆ చీర ఉతికింది కూడా ఆమే. అది నేను మర్చిపోలేదు. మర్చిపోలేకే తర్వాత జరిగింది ఇంకా మండుతూ ఉంటుంది.

డాక్టరు గారు మాత్రలు రాసి, మూడేళ్ళపాటు ఒక్క పూట కూడా మానొద్దన్నారు. మూడు వారాలు విశ్రాంతి తీసుకోమన్నారు. నా ఉద్యోగం ఇంకా ప్రొబేషన్‌లోనే ఉంది, రెండు నెలల్లో పర్మనెంటు కావాలి. ఫిట్స్ వచ్చే మనిషికి మూడో క్లాసు పిల్లల్ని ఎవరు అప్పగిస్తారు? నోటి నురగ తగిలితే జబ్బు అంటుకుంటుందని చదువుకున్నవాళ్ళే నమ్మే రోజులు.

"సర్టిఫికెట్లో జబ్బు పేరు రాయక తప్పదాండీ?" అని అడిగాను.

"నీకు కావాల్సింది సెలవు. విశ్రాంతి అవసరమని చెప్పాల్సింది నేను. జబ్బు పేరుతో స్కూలుకేం పనమ్మా?" అన్నారాయన. 'ఈమె నా వైద్యంలో ఉన్నారు, మూడు వారాల విశ్రాంతి అవసరం' అని రాసి సంతకం పెట్టారు.

ఆ కాగితం నా స్నేహితురాలి చేతికే ఇచ్చి స్కూలుకి పంపాను. ఎవరైనా అడిగితే జ్వరమని చెప్పు, అడక్కపోతే ఏమీ చెప్పకు అన్నాను.

"పీక మీద కత్తి పెట్టినా చెప్పనే. నువ్వు నిశ్చింతగా వెళ్ళు," అంది. నేను నిశ్చింతగానే పామర్రు బస్సెక్కి మా ఊరు వెళ్ళిపోయాను. అంత తెలివితక్కువదాన్ని.

మూడు వారాలయ్యాక స్కూల్లో అడుగుపెట్టగానే కరస్పాండెంటు గారు పిలిపించారు. స్కూలు నడిపే పెద్దావిడ ఆమె, ఉద్యోగం ఇచ్చేదీ తీసేసేదీ ఆవిడే. "ముందు ప్రార్థన చేసుకుందామమ్మా," అన్నారు. ఇద్దరం మోకరించాం. నేను కళ్ళు మూసుకున్నాను.

"ప్రభువా, ఈ బిడ్డని పీడిస్తున్న మూర్ఛరోగం నుంచి..." అని మొదలుపెట్టారు.

నేను కళ్ళు తెరిచాను. ఆవిడ ఆగలేదు. నేను నాలుక కరుచుకోవడం, తాళంచెవుల గుత్తి, చివరికి చీర తడవడం కూడా దేవుడికి వివరంగా విన్నవించారు. దేవుడికి అవేవీ కొత్త సంగతులు కావు. ఆవిడకి తెలియకూడని సంగతులు. ప్రార్థన అయ్యాక ఆమెన్ అనాలి కదా, అన్నాను.

"మూడు వారాలుగా స్త్రీల కూడికలో నీ కోసం ఉపవాసముండి ప్రార్థిస్తున్నామమ్మా," అన్నారు లేచి. "పూర్తిగా బాగయ్యేదాకా పిల్లల దగ్గర వద్దులే. ఆఫీసులో కూర్చో. పర్మనెంటు సంగతి తర్వాత చూద్దాం."

కసిరి చెప్పి ఉంటే ఎదురు తిరిగేదాన్నేమో. నా తల నిమురుతూ చెప్పారు.

ఆ సాయంత్రం గదిలో నా స్నేహితురాలిని నిలదీశాను.

"నేనెవరికీ చెప్పలేదే. ప్రార్థన మనవి ఇచ్చానంతే!" అంది.

మా చర్చి స్త్రీల కూడికలో అది మామూలే. శనివారం ఒక్కొక్కరే లేచి తమ కష్టమో, తమవాళ్ళ కష్టమో చెబుతారు, అందరూ కలిసి ప్రార్థిస్తారు.

"నా పేరు లేకుండా ఇవ్వలేకపోయావా?"

"పేరు చెప్పకపోతే ఎవరి కోసమని ప్రార్థిస్తారే?"

"చీర తడిసిన సంగతి కూడా కావాల్సొచ్చిందా మీ ప్రార్థనకి?"

"వివరంగా చెబితే భారంతో ప్రార్థిస్తారని..." అని ఏడ్చేసింది. నాకు రవ్వంత జాలి కూడా కలగలేదు. ఆమె చెప్పింది దేవుడికట. విన్నది నలభై మంది ఆడవాళ్ళు. వాళ్ళలో సగం మంది పిల్లలు మా స్కూల్లోనే చదువుతున్నారు.

ఏడు నెలలు ఆఫీసు గదిలో టీసీలు రాస్తూ కూర్చున్నాను. నా మూడో క్లాసు గోడ అవతలే. పిల్లలు ఏడో ఎక్కం తప్పు చెబుతుంటే వినిపించేది, లేచి వెళ్ళి దిద్దాలని కాళ్ళు లాగేవి. గది మారదామంటే ఫిట్స్ మనిషికి ఇల్లెవరిస్తారు? ఆ స్టవ్ మీదే ఇద్దరం వండుకున్నాం, అవసరానికి మించి ఒక్క మాట అనుకోలేదు. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి మాత్రలు వేసుకున్నాను. ఫిట్స్ మళ్ళీ రాలేదు.

చర్చిలో కోతపండుగ ముందు కరస్పాండెంటు గారు మళ్ళీ పిలిచారు. "దేవుడు నిన్ను స్వస్థపరిచాడు. పండుగనాడు సంఘంలో సాక్ష్యం చెప్పు. సోమవారం నీ క్లాసు నువ్వు తీసుకో, పర్మనెంటు కాగితం మీద సంతకం పెడతాను," అన్నారు.

చెప్పాను. ఏడు నెలలుగా నాకు ఫిట్స్ రాలేదు, మీ అందరి ప్రార్థనలకీ వందనాలు, దేవుడికి స్తోత్రం అన్నాను. అందులో అబద్ధం లేదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మాత్రల మాట ఎత్తలేదు, అంతే. చర్చి అంతా స్తోత్రం అంది. నా స్నేహితురాలు ముందు వరసలో కళ్ళు తుడుచుకుంది.

ఆరాధన అయ్యాక ఆవరణలో పండుగ కానుకలుగా వచ్చిన గుమ్మడికాయలూ కోళ్ళూ వేలం వేస్తున్నారు. కరస్పాండెంటు గారు నా భుజం మీద చెయ్యేసి నన్ను వచ్చినవాళ్ళందరికీ చూపిస్తున్నారు. కూచిపూడి అవతల నుంచి చుట్టాలింటికి వచ్చిన ఒకావిడ ఎనిమిదేళ్ళ పిల్లని వెంటబెట్టుకుని నా దగ్గరికొచ్చింది.

"మా పిల్లకీ ఇదే జబ్బండి. రెండేళ్ళ నించి మాత్రలు ఏస్తానే ఉన్నాం. మీకు ప్రార్థనతోనే పోయిందంటగా. ఇంక మేవూ మాత్రలు ఆపేస్తావండి. ఆపెయ్యొచ్చు గదండీ?"

పిల్ల నుదుటి మీద ఎప్పుడో పడినప్పటి మచ్చ ఉంది. నా భుజం మీద కరస్పాండెంటు గారి చెయ్యి అలాగే ఉంది. ఔనన్నా, నవ్వి ఊరుకున్నా, మర్నాడు నా క్లాసు నాది.

"ఆపకమ్మా," అన్నాను. "నేను ఆపలేదు. రోజుకి రెండు వేసుకుంటూనే ఉన్నాను. ఇవాళ పొద్దున కూడా వేసుకునే వచ్చాను. పిల్లకి ఒక్క పూట కూడా మానిపించకు."

"మరి ఇందాక లోపల అట్టా చెప్పారేంటండీ?"

"ఉద్యోగం పోతుందని భయపడ్డానమ్మా."

భుజం మీద చెయ్యి తీసేశారు. కరస్పాండెంటు గారు వేలం వైపు వెళ్ళిపోయారు. ఆ నెలాఖరుకి, ఇక రావక్కర్లేదని నాకు కాగితం అందింది. దానికి నేను సిద్ధపడే ఉన్నాను.

సిద్ధపడనిది నా స్నేహితురాలు అన్న మాటకి. పండుగనాటి సాయంత్రం గదికి రాగానే, ఏడు నెలల మౌనం తర్వాత, నిజంగా నా గురించే బాధపడుతూ అడిగింది.

"అంతమందిలో అలా బయటపెట్టుకుంటారటే? నీ జబ్బు సంగతి నీ కడుపులో దాచుకోలేకపోయావా?"