కామా అక్క రాజీనామా

ఆ వీధిలో అందరూ ఆమెను కామా అక్క అనేవారు. రెండు బ్యాంకులూ ఒక రిజిస్ట్రేషన్ ఆఫీసూ ఉన్న వీధి అది. అక్కడొక పాత భవనంలో మెట్ల కింది ఖాళీలో ఆమె టైపింగ్, జిరాక్స్ షాపు ఉండేది. లోపల ఇద్దరు నిలబడితే మూడోవాడు ఊపిరి బిగపట్టుకోవాలి. పంతొమ్మిదేళ్ళు అక్కడే కూర్చుని జనం ఉద్యోగ దరఖాస్తులు టైపు చేసింది. ఎవరు ఏ కాగితం తెచ్చినా ముందు దాని మీద పెన్నుతో ఒక కామా పెట్టి, ఆ తర్వాతే కీబోర్డు మీద చెయ్యి వేసేది. పేరు అలా వచ్చింది.

అబద్ధం మాత్రం టైపు చేసేది కాదు. ఒకసారి ఒక సెక్యూరిటీ గార్డు వచ్చి, "అక్కా, నాకు నాయకత్వ లక్షణాలున్నాయని రాయి," అన్నాడు.

"ఎవరికి నాయకుడివి?"

"ఇంట్లో."

"మీ ఆవిడ నంబరివ్వు, అడిగి రాస్తా."

అతను కాసేపు తల గోక్కుని, "నలుగురితో కలిసిమెలిసి పనిచేస్తానని రాసెయ్ అక్కా," అన్నాడు. అతనికి ఆ ఉద్యోగం వచ్చింది. అలా చాలామందికి వచ్చాయి. ఇంటర్వ్యూలో ఏమడుగుతారో, ఎంత నవ్వాలో, కుర్చీ లాగేటప్పుడు చప్పుడు రాకుండా ఎలా లాగాలో కూడా చెప్పి పంపేది. ఆమె మాత్రం నలభై ఏడేళ్ళు వచ్చినా ఒక్క ఇంటర్వ్యూ గుమ్మం కూడా తొక్కలేదు.

ఆ భవనం మెట్లు బీటలిచ్చాయి. ఇంజనీరు వచ్చి, గోడ మీద సుత్తితో రెండు సార్లు కొట్టి, మూడోసారి కొట్టడానికి భయపడి వెళ్ళిపోయాడు. రెండు నెలల్లో ఖాళీ చేయాలన్నారు. అదే వారంలో లిఫ్టులు బాగుచేసే ఒక కంపెనీ ప్రకటన ఆమె కంటపడింది. తమకు వచ్చే ఉద్యోగ దరఖాస్తులు చదివి, పనికొచ్చేవి ఏరిపెట్టే మనిషి కావాలట. అది తన కోసమే వేసినట్టు అనిపించింది.

తీరా తన బయోడేటా రాసుకుందామని కూర్చుంటే ఒక్క అక్షరం పడలేదు. రెండు రోజులు తెల్ల కాగితం వైపు చూస్తూ కూర్చుంది. నర్సుగా చేసి రిటైరైన అత్తగారు ఆ అవస్థ చూడలేక, "వచ్చినవాళ్ళని ఎలా అడుగుతావో నిన్ను నువ్వు అలాగే అడుగమ్మా," అంది.

మర్నాడు అలాగే చేసింది. బయట స్టూలు మీద కూర్చుని తన వివరాలు చెప్పేది. లేచి, కౌంటరు చుట్టూ తిరిగి లోపలి కుర్చీలోకి వెళ్ళి అవి టైపు చేసి, ఇంకో ప్రశ్న అడిగేది. మళ్ళీ స్టూలు మీదికి వచ్చేది. ఇది చాలాసేపు చూసిన బ్యాంకు వాచ్‌మన్ దగ్గరికొచ్చి, "ఏం పోయిందక్కా, వెతుకుతున్నావు?" అన్నాడు.

"నా అర్హతలు," అంది ఆమె, తిరగడం ఆపకుండానే.

సాయంత్రానికి ఒకటిన్నర పేజీ వచ్చింది. దాన్ని పట్టుకుని కంపెనీకి వెళితే కౌంటరులోని గుమాస్తా అట్టముక్కకు అంటించిన జాబితా చూపించాడు. పాత యజమాని ఇచ్చిన అనుభవ పత్రం కావాలి. రాజీనామా కాపీ కావాలి. దాన్ని ఒప్పుకున్నట్టు యజమాని ఇచ్చిన లెటరు కావాలి. పాత యజమాని ఫోన్ నంబరు కావాలి.

"బాబూ, మా షాపుకి ఓనర్ని నేనే."

"మంచిదేగా. అయితే పని త్వరగా అవుతుంది. ఆవిడతో సంతకం పెట్టించుకు రండి."

"ఆవిడంటే నేనే."

"నేను కాదన్నానా? సంతకం ఉండాలి, అంతే."

ఆమె అక్కడే అనుభవ పత్రం రాసి సంతకం పెట్టి ఇచ్చింది. గుమాస్తా దాన్నీ దరఖాస్తునీ పక్కపక్కన పెట్టి చూసి పెదవి విరిచాడు. "రెండు సంతకాలూ ఒకేలా ఉన్నాయి. ఓనరు సంతకం మీరే పెట్టేశారని పైవాళ్ళు అనుమానిస్తారు."

"నేనేగా పెట్టింది!"

"అమ్మా, నా ముందు అన్నారు సరే. ఈ మాట ఇంకెక్కడా అనకండి," అన్నాడతను గొంతు తగ్గించి.

ఇంటికొచ్చి ఆమె రాజీనామా రాసింది. 'మరింత మంచి అవకాశం కోసం ఈ కొలువు వదులుకుంటున్నాను' అన్న వాక్యం వందల మందికి టైపు చేసి ఇచ్చిందే. కాగితం మడిచి, యజమాని హోదాలో మళ్ళీ విప్పి చదివింది. చదివేసరికి ఎక్కడో చురుక్కుమంది. పంతొమ్మిదేళ్ళు పక్కనే ఉన్న మనిషి, ఒక్క మాటైనా ముందు చెప్పకుండా, మరింత మంచి అవకాశమట!

సిటీ బస్సు నడిపే భర్త డ్యూటీ దిగి వచ్చేసరికి ఆమె ముఖం ముడుచుకుని కూర్చుని ఉంది.

"ఏమైంది?"

"రాజీనామా వచ్చింది."

"ఎవరిది?"

"నాదే."

ఆయన చెప్పులు విప్పడం ఆపాడు. "ఒప్పుకుంటున్నానని రాసి పారెయ్. ఒక్క నిమిషం పని."

"ఒక్క నిమిషంలో ఎలా ఒప్పుకుంటానండీ? అలాంటి మనిషి మళ్ళీ దొరుకుతుందా?"

"దొరకదు. నాకైతే ఒక్కతే దొరికింది, దానితోనే సరిపెట్టుకుంటున్నా," అంటూ ఆయన స్నానానికి వెళ్ళిపోయాడు.

ఆమె వారం రోజులు నాన్చింది. చివరికి 'బరువెక్కిన మనసుతో అంగీకరిస్తున్నాము' అని రాసి, బరువెక్కిన పక్కన కామా పెట్టి, అనవసరమని కొట్టేసి, సంతకాన్ని ఎడమచేత్తో పెట్టింది. అయితే మనసొప్పక, కంపెనీవాళ్ళ దరఖాస్తు ఫారం మూడో పేజీలో 'పై యజమాని, ఈ అభ్యర్థి ఒక్కరే' అని పెద్ద అక్షరాలతో టైపు చేసింది. ఫోన్ నంబరు రెండు చోట్లా ఒకటే వేసింది. ఆమెకున్నది ఒక్క ఫోనే.

ఇంటర్వ్యూకి పిలుపు వచ్చింది. ఎదుటివాళ్ళకు చెప్పినవన్నీ ఒక్కసారిగా మర్చిపోయింది. అత్తగారు ఎదురుగా కుర్చీ వేసుకుని కళ్ళజోడు పెట్టుకుని ప్రాక్టీసు మొదలుపెట్టింది.

"ఈ ఉద్యోగం చేయాలన్న కోరిక ఎన్నాళ్ళ నుంచి ఉంది?"

"రెండు నెలల నుంచండీ."

"పొద్దున పూట ఎక్కువగా ఉంటోందా, భోజనం తర్వాతా?"

"అత్తయ్యా, ఇది ఆస్పత్రి కాదు."

"సరే. నీ బలహీనత ఏమిటి?"

"మీరు అడిగితే ఎలా చెప్పనండీ?"

అత్తగారు కళ్ళజోడు తీసి, "పాసయ్యావు పో," అంది.

ఆ రోజు గదిలో ముగ్గురున్నారు. మేనేజరు, ఉద్యోగుల వ్యవహారాలు చూసే ఆఫీసరమ్మ, ఎందుకున్నాడో ఎవరూ చెప్పని ఒక పెద్దాయన. ఆమె కుర్చీ చప్పుడు రాకుండానే లాగింది గానీ, కూర్చున్నాక అది తనంతట తనే కిర్రుమంది. చదువూ అనుభవం గురించి అడిగారు. తడుముకోకుండా చెప్పింది. అప్పుడు మేనేజరు, "మీ పాత యజమానితో ఫోన్‌లో మాట్లాడాలి. అది మా పద్ధతి. ఒక్క ఐదు నిమిషాలు బయట ఉండండి," అన్నాడు.

"సార్, ఆ యజమాని..."

"భయపడకండి. మీరు బయటికి వెళ్ళాకే మాట్లాడతాం."

ఆమె వరండాలోకి వెళ్ళింది. అద్దం తలుపు వెనకాల మూసుకుంది. చేతిలో ఫోన్ మోగింది. షాపులో మాట్లాడే గొంతు దానంతటదే వచ్చేసింది.

"ఓనరుగారేనా?" అన్నాడు మేనేజరు.

"అవునండీ, నేనే. కాకపోతే..."

"మీ దగ్గర పనిచేసిన ఆవిడ గురించి ఉన్నదున్నట్టు చెప్పండి. మొహమాటం వద్దు."

ఉన్నదున్నట్టు చెప్పమంటే ఆమెకు ఇంకో దారి లేకపోయింది. "పని బాగా చేస్తుందండీ. పంతొమ్మిదేళ్ళలో పదకొండు రోజులే సెలవు పెట్టింది. కానీ అడక్కపోయినా అందరి తప్పులూ దిద్దుతుంది. జిరాక్స్ మిషన్ని తిడుతుంది. కోపం ముక్కు మీదే ఉంటుంది, పోవడానికి పూట పడుతుంది."

"ఆవిడిప్పుడు మా వరండాలోనే ఉంది. ఇంటర్వ్యూ మధ్యలో ఎవరితోనో ఫోన్‌లో కబుర్లాడుతోంది. ఈ అలవాటు ఎప్పటి నుంచి?"

ఆమె అద్దంలోంచి లోపలికి చూసింది. మేనేజరు కూడా ఫోన్ చెవిన పెట్టుకుని ఆమెనే చూస్తున్నాడు.

"అలవాటు లేదండీ. ఏదో చాలా ముఖ్యమైన ఫోనే అయ్యుంటుంది," అంది.

"మళ్ళీ ఆవిడని పనిలో పెట్టుకుంటారా?"

ఆమె అద్దం వైపు వీపు తిప్పింది. "షాపు లేదండీ ఇప్పుడు. ఉంటే వదిలేదాన్నే కాదు."

మళ్ళీ లోపలికి పిలిచారు. "మీ ఓనరు చాలా కచ్చితమైన మనిషిలా ఉన్నారే," అంది ఆఫీసరమ్మ.

"ఆవిడ నేనేనండీ. మూడో పేజీలో రాశాను."

ముగ్గురూ మూడో పేజీ తిప్పారు. పెద్దాయన భుజాలు కదిలేలా నవ్వి, దగ్గు వచ్చినట్టు నటించాడు. మేనేజరు నుదురు తుడుచుకుని, "కబురు చేస్తాం," అన్నాడు.

పన్నెండో రోజున ఇంటికి రెండు కవర్లు వచ్చాయి. మొదటిది అభ్యర్థికి. పాత యజమాని చెప్పిన లోపాల దృష్ట్యా ఆమెను తీసుకోలేకపోతున్నామని, ఆమె భవిష్యత్తు బాగుండాలని అందులో ఉంది. రెండోది యజమానికి. తన దగ్గర పనిచేసిన మనిషి గురించి ఇంత నిష్పక్షపాతంగా చెప్పగలిగినవారే తమకు కావాలని, దయచేసి ఒకటో తారీకున చేరాలని కోరారు.

ఆమె మొదటి కవరు పట్టుకుని ఏడుపుముఖం పెట్టింది. "నా నోటితోనే దాని పొట్ట కొట్టానండీ," అంది.

భర్త రెండో కవరు ఆమె చేతిలో పెట్టాడు. "దానికి ఎలాగూ ఉద్యోగం లేదు. నువ్వైనా వెళ్ళు."

అత్తగారు రెండు ఉత్తరాలూ చదివి, "ఒక రోగికి ఇద్దరు డాక్టర్లు చీటీ రాస్తే ఇంతే. బాగున్నది వాడు, రెండోది చింపెయ్," అంది.

ఒకటో తారీకున ఆమె చేరింది. కిటికీ పక్కన బల్ల ఇచ్చి, మీద దొంతర్లుగా దరఖాస్తులు పెట్టారు. సాయంత్రం మేనేజరు వచ్చి ఎన్ని అయ్యాయని అడిగాడు.

"ఏడండీ."

"ఏడేనా?"

"ఏడూ పూర్తిగా చదివాను. అందులో ఆరుగురికి చిన్నప్పటి నుంచీ మన కంపెనీలోనే చేరాలని కలట సార్. కంపెనీ పెట్టి ఆరేళ్ళేగా అయింది?"

మేనేజరు గోడ మీద కంపెనీ బోర్డు వైపు ఒకసారి చూశాడు. "మరి ఏడో ఆయన?"

"ఇంటికి దగ్గర కాబట్టి చేరతానని రాశాడు," అంటూ ఆమె ఆ కాగితం ఆయన చేతికిచ్చింది. "సోమవారం పిలిపించండి."