ఖాళీలమ్మ నేసిన నిండు గుడ్డ

ఆవిడ అసలు పేరుతో ఎవరికీ పని పడలేదు. వీధిలోనైనా, ప్రదర్శన హాళ్ళలోనైనా ఆవిడ ఖాళీలమ్మే. ఆవిడ గుడ్డల్లో అక్కడక్కడ నిలువునా దారాలు లేని చారలుంటాయి. వాటిలోంచి వెలుతురు వస్తుంది. జనం వాటి ముందు మెడలు పక్కకి వాల్చి నిలబడి, "ఎంత లోతు!" అంటారు. దారం లేని చోట లోతెక్కడిదో ఆవిడకి ఇప్పటికీ అంతుపట్టలేదు.

నిజానికి మొదటి ఖాళీ పొరపాటు. నిలువుగా సాగే పడుగు దారాలని దువ్వెనలాంటి పన్నెలో ఒక్కో సందులోంచీ లాగాలి. ఒళ్ళో చంటిపిల్ల గుక్కపట్టి ఏడుస్తుంటే, ఒక చేత్తో జోకొడుతూ రెండో చేత్తో లాగింది. కొన్ని సందులు వదిలేసింది. గుడ్డ ఎందుకూ కొరగాకుండా తయారైతే, మొగుడు దాన్ని కిటికీకి పరదాగా కట్టాడు. ఆ దారిన పోతున్న ప్రదర్శనల పెద్దమనిషి ఒకాయన ఆగి చూసి, హాల్లో పెడతానని పట్టుకెళ్ళాడు. అంతే, కొంప మునిగింది.

ఆ చంటిపిల్ల ఇప్పుడు తన పిల్లని చంకనేసుకుని తిరుగుతోంది. ఖాళీలమ్మ మాత్రం ఆనాటి పొరపాటునే నేస్తోంది. పన్నె ముందు కూర్చుంటే చాలు, ఊపిరాడదు. ఒకరోజు మగ్గం గదికి బయటినుంచి ఎవరో గడియ పెట్టినట్టనిపించి, లేచి వెళ్ళి చూసింది. తలుపు బార్లా తీసే ఉంది. వెనక్కి వచ్చి కూర్చుంది.

"ఈసారి నిండు గుడ్డ నేస్తానండీ. ఒక్క దారం కూడా వదలకుండా," అంది మొగుడితో.

"నిండు గుడ్డలు కొట్ల నిండా ఉన్నాయి. వాటిని చూడ్డానికి హాలుకెందుకొస్తారే?" అన్నాడాయన. చెడ్డవాడు కాదు. ఏర్పాట్లన్నీ నెత్తినేసుకుని మోస్తాడు. బయటివాళ్ళకి మాత్రం కాదని చెప్పడం చేతకాదు.

ఆవిడ కంచం ముందునుంచి లేచిపోయింది. చివరికి ఆయనే దిగొచ్చాడు. "సరే, ఒక్కటి నెయ్యి. జనం మెచ్చుకుంటే ఇకమీదట నీ ఇష్టం. లేదంటే మళ్ళీ ఈ ఊసెత్తకు."

ఆ గుడ్డ నేస్తున్నన్నాళ్ళూ ఆవిడ కూనిరాగాలు తీసింది. తెల్లటి సన్న దారం. పైనుంచి దీపం వెలుగు పడుతుంటే పాలమీగడలా కనిపించేది. తనే తీసుకెళ్ళి హాల్లో వెనక గోడకి తగిలించింది.

ప్రదర్శన ప్రారంభం నాడు వెళ్ళేసరికి గోడ మీద గుడ్డ లేదు. మొగుడు దాన్ని తెచ్చి పెద్ద కిటికీ ముందు వేలాడదీశాడు. "వెలుతుర్లో బాగుంటుందని," అన్నాడు మురిపెంగా. జనం చుట్టూ మూగారు. మెడలు పక్కకి వాల్చి, ఖాళీ కోసం గుడ్డంతా వెతికారు.

"దొరికింది వదినా!" ఆడపడుచు ఒక్క కేక పెట్టింది. "ఎంత గడుసుదానివి, ఇక్కడ దాచావా?"

అంచు దగ్గర, పైనుంచి కిందదాకా, వెంట్రుకంత వెలుతురు గీత.

చప్పట్లు మోగాయి. ఖాళీలమ్మ జనాన్ని తోసుకుంటూ వెళ్ళి గీత మీద వేలు పెట్టింది. ఎవరైనా దారం లాగేశారేమో! లాగితే అడ్డదారాల్లో దాని నొక్కు మిగులుతుంది. నొక్కు లేదు. ఆ సందులో దారం ఎక్కనే లేదు. మగ్గం మీద దీపం వెలుగు పైనుంచే పడుతుంది గనక కనబడలేదు. మొగుడూ కాదు, జనమూ కాదు. తన చెయ్యే, తనకి చెప్పకుండా వదిలేసింది.

మొగుడు దగ్గరికొచ్చాడు. మొహం వెలిగిపోతోంది. "గెలిచావోయ్! అన్నమాట తప్పను. ఇకమీదట నీ ఇష్టం. చెప్పు, ఏం నేస్తావు?"

ఆవిడ చేతులు రెండూ వెనక్కి పెట్టుకుంది.

"ఏం నేసినా ఇదే వస్తుందండీ," అంది.