నాన్న చెప్పని గురుతులు

చేపలు పడే చోటును మా నాన్న ఎవరికీ చెప్పేవాడు కాదు. సముద్రంలోంచి చూస్తే మా మైపాడు ఒడ్డున దగ్గరగా కనిపించే గురుతొకటి, దాని వెనక దూరంగా ఇంకొకటి ఒకే వరుసలోకి వస్తే అదొక గీత. అలాంటి గీతలు రెండు కలిసే చోట నీళ్ళడుగున రాళ్ళున్నాయి. అక్కడే ఆయన గాలాలు వేసేది. ఆ గురుతులు పడవ అందుకునే కొడుక్కే చెప్పాలి. నాన్నకేమో నేనొక్కదాన్నే. చిన్నప్పుడు ఎన్నిసార్లు అడిగినా "నీకెందుకమ్మే" అనేవాడు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

పెద్దయ్యాక నాకు దొరికిన ఉద్యోగమూ చోటు కనిపెట్టేదే. చంద్రుడి మీద తిరిగే రోవరు తానెక్కడుందో తానే తెలుసుకోవాలి. కిందటేడు ఒక చిన్న నమూనా బండిని మా ఊరి ఇసకలో నడిపి చూశాను. ముందుకు వెళ్ళి, మళ్ళీ బయలుదేరిన చోటికే రావాలి. మూడుసార్లూ బారెడు దూరంలో ఆగి, వచ్చేశానని చెప్పింది.

నాన్న పడవ నీడన కూర్చుని చూస్తున్నాడు.

"పైనుంచి జీపీఎస్ చెప్పదా?"

"చంద్రుడి మీద అదుండదు నాన్నా. చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టుకుంటుంది."

"ఇసకలో చక్రం ఊరికే తిరిగిద్ది. తెడ్డు ఎన్నిసార్లు ఏసినామో లెక్కపెట్టుకుంటే మేం ఇంటికొస్తామా? ఒడ్డు చూడాల."

సిగ్గేసింది. కెమెరాతో చుట్టూ ఉన్న రాళ్ళను పోల్చుకుని చోటు సరిచూసుకునే పద్ధతి బండిలో ఉంది. చదునైన ఇసకే కదా అని నేనే ఆపేశాను. నాలుగు పక్కలా రాళ్ళు పేర్చి, ఆ పద్ధతిని మళ్ళీ పెట్టి బండిని నడిపితే జానెడు లోపలే వచ్చి ఆగింది.

మర్నాడు తెల్లవారాక నాన్న నన్ను పడవెక్కమన్నాడు. మా పేటలో ఆడవాళ్ళు వేటకు వెళ్ళరు. ఒడ్డున అందరూ చూస్తున్నా ఆయన పట్టించుకోలేదు. చాలా దూరం పోయాక ఇంజను నెమ్మది చేసి, ఒడ్డువైపు చెయ్యి చాపి రెండు పేర్లు చెప్పాడు.

"ఒకదాని ఎనకాల ఇంకోటి వచ్చిందా చూడు."

రెండూ నాకు స్పష్టంగా కనిపిస్తున్నాయి. అంత పెద్దవాటి గురించి నన్నెందుకు అడుగుతున్నాడా అనుకున్నాను.

"నీకు కనపడటంలా నాన్నా?"

"ఏడాదయింది. తాడేసి లోతు చూసుకుంటా ఎతుక్కుంటా ఉండా."

ఏడుపొచ్చింది. నెల్లూరులో కళ్ళు చూపిద్దామంటే తలూపాడు.

"కొంచెం ఎడమకి" అన్నాను. తిప్పాడు. రెండో జత పేర్లు కూడా చెప్పాడు. అవీ ఒక వరుసలోకి వచ్చాక "ఇక్కడే" అన్నాను. నాన్న ఇంకేమీ అడక్కుండా లంగరు వదిలాడు. అడుగున రాళ్ళకు తగిలి తాడు బిగిసింది.

"ఎవురికీ చెప్పబాక" అన్నాడు.

అందుకే ఆ నాలుగు పేర్లూ ఇక్కడ కూడా రాయడం లేదు.