మోసేవాడు లేకపోతే

తడి సిమెంటు వాసన తగిలితే చాలు, నాకు అప్పలనరసమ్మ పిన్ని గుర్తొస్తుంది. మొన్న మా ఊళ్లో సాక్చీ బజారులో ఒక బ్యాంకు మెట్ల పక్కన చక్రాల బండి ఎక్కడానికి వాలుదారి పోస్తున్నారు. ఎవరు అడిగితే పోస్తున్నారో కనుక్కోకుండా కదలలేకపోయాను. ఈ ఆరా తీసే బుద్ధి నాకు పిన్ని అంటించిందే.

ఆమె మాకు చుట్టం కాదు, ఈ హిందీ ఊళ్లో, భాలుబాసాలోని మా తెలుగువాళ్ల వీధి మొత్తానికి పిన్ని. కాళ్లు పనిచేయవు. చేతులతో తిప్పే మూడు చక్రాల బండి మీద ఊరంతా చుట్టేసేది. మా సుశీలక్కకూ చిన్నప్పటి నుంచి నడక లేదు. వికలాంగుల సర్టిఫికెట్ ఉంటేనే అక్కకు కుట్టు శిక్షణలో సీటు. అది ఇచ్చే ఆఫీసేమో రెండో అంతస్తులో ఉంది. అక్కను వీపున వేసుకుని మూడుసార్లు ఎక్కాను, ప్రతిసారీ ఏదో కాగితం తక్కువన్నారు. చూసినవాళ్లంతా శభాష్ అంటుంటే మాత్రం నా ఛాతీ ఉబ్బిపోయేది.

మూడోసారి దిగేసరికి కింద పిన్ని ఉంది. "నువ్వు మోసీసినావు, సరే. మోసీవోడు లేనోళ్లు ఎలాగెక్కుతార్రా?" అంది. ఆమె అక్క వైపు తిరిగింది. "నీకు బాగుంటాదేటే, అలాగ ఎక్కడం?"

అక్క తల దించుకుంది. "షరమ్ ఆతీ హై, పిన్నీ. సిగ్గుతో సచ్చిపోతాను."

ఇన్నేళ్లలో ఆ మాట నేను ఒక్కసారీ అడగలేదు. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మర్నాటి నుంచి మెట్ల దగ్గరే కూర్చున్నాం. ఎక్కలేక వెనక్కి పోయే ప్రతివారి చేతా, ఆఫీసును కిందికి మార్చమని పిన్ని విడివిడిగా అర్జీ పెట్టించేది. పైకి పట్టుకెళ్లడం నా పని. నకలు మీద ముద్ర లేకుండా దిగితే మళ్లీ పైకి తరిమేది. "రిసీవింగ్ ఏదిరా? ముద్దర నేకపోతే నువ్వు ఎల్లనట్టే!" నా మొదటి అర్జీలో 'మా అక్కపై దయ ఉంచి' అని ఉంటే, పెన్ను లాక్కుని ఆ ముక్క కొట్టేసింది.

కొన్నాళ్లకు అధికారే దిగొచ్చి అక్క సర్టిఫికెట్ మీద సంతకం పెట్టాడు. ఎవరొచ్చినా కబురు పంపండి, దిగి వస్తానన్నాడు. నేను గాల్లో తేలిపోతుంటే పిన్ని మరో అర్జీ నా చేతిలో పెట్టింది.

"ఇంకేటి పిన్నీ, మన పని అయిపోనాది కదా!"

"మంచోడేరా. రేపు బదిలీ అయిపోతే?"

అన్నట్టే అయింది. కొత్తాయన దిగనన్నాడు, అసలు ఫిర్యాదే రాలేదన్నాడు. ముద్రలున్న నకళ్ల కట్టను పిన్ని పైఅధికారులకు పంపించింది. ఆ వేసవిలో ఆఫీసు కిందికి వచ్చింది, గుమ్మం ముందు సిమెంటు వాలుదారితో సహా.

పిన్ని పోయి మూడేళ్లు. మొన్న బ్యాంకు ముందు మేస్త్రీని అడిగితే, ఎవరో దర్జీ ఆవిడ చక్రాల కుర్చీలో ప్రతి సోమవారం వచ్చేదని, కాగితం మీద ముద్ర వేసేదాకా కదిలేది కాదని చెప్పాడు. గబగబా ఇంటికి పోయాను. అక్క మిషను మీద జాకెట్టు కుడుతోంది.

"నాకు సెప్పలేదేటే?"

"సెప్తే మోసీడానికి వచ్చీవోడివి," అంది తల ఎత్తకుండా.

నిజమే. చెయ్యి వేసే ముందు అడగాలని పిన్ని నేర్పింది. బయట మరిచిపోను, ఇంట్లోనే ఇంకా మరిచిపోతుంటాను.